డాక్టరమ్మ రెండు సీట్ల బండికి టాక్సీ ఇంజను

బోనెట్ ఎత్తే ముందు

షెడ్డులోకి బండి రాగానే బోనెట్ ఎత్తే మెకానిక్కుని నేను నమ్మను. ఈ మాటకి ఇప్పటి కుర్రాళ్ళకి కోపం రావచ్చు. రానీండి. జీవితమంతా గ్రీజులో చేతులు ముంచినవాణ్ణి, ఆ మాత్రం అనే హక్కు నాకుంది. బండి తెచ్చిన మనిషి నోరు తెరవకముందే స్పానర్ పట్టుకునేవాడు, నాడి చూడకుండా సూది గుచ్చే ఆరెంపీ లాంటివాడు.

ఈ బుద్ధి నాకు పుట్టుకతో రాలేదు. నా మొదటి యజమాని సింహాచలం మేస్త్రి మొట్టికాయలు వేసి నేర్పించాడు. ఆయన కుర్రతనంలో రంగూను వెళ్ళి, అక్కడ మిలిటరీ బళ్ళ వర్క్‌షాపులో పనిచేసి, యుద్ధం వచ్చాక అడవుల వెంట నడిచి ఇల్లు చేరినవాడు. శ్రీకాకుళంలో వంతెనకి ఇవతల ఆయన షెడ్డు. ఎవరు బండి తెచ్చినా ముందు బెంచీ మీద కూర్చోబెట్టి టీ తెప్పించేవాడు. తర్వాత ప్రశ్నలు.

ఒకసారి ఒక బస్సు డ్రైవరు వచ్చి బండి గుంజడం లేదన్నాడు. నేను అప్పటికే ఇంజను మీదకి వంగాను. మేస్త్రి నా చొక్కా పట్టి వెనక్కి లాగాడు. "ఒరే అప్పారావా, ఆగు. ఏ బాబూ, బస్సు మీద ఏటి ఏసుకొస్తన్నావు?" అని అడిగాడు. రోజూ పొద్దున్నే సముద్రపొడ్డు నుంచి చేపల గంపలు తెస్తున్నానన్నాడు డ్రైవరు. గంపల్లోంచి కారిన ఉప్పునీళ్ళు వెనక చక్రాల్లోకి దిగి, బ్రేకులు తుప్పెక్కి పట్టేసుకుంటున్నాయి. ఇంజనుకి ఏ రోగమూ లేదు. నేను విప్పి ఉంటే రోగం తెచ్చేవాణ్ణి.

తర్వాత నేను ఎక్కడెక్కడ పనిచేశానో, ఎప్పుడు ఏ కుర్చీ ఎక్కానో చెప్పను. అవి మీకూ పనికిరావు, నాకూ అంతగా గుర్తులేవు. గుర్తున్నది ఒక్క బండి. ఆ బండి నేను బాగుచేసింది కూడా కాదు, పక్కన నిలబడ్డానంతే. అయినా ఈ పనిలో నాకు తెలిసిన మంచి సగం ఆ బండి దగ్గరే తెలిసింది.

షెడ్డుకి రాని బండి

అరవైల చివర్లో సంగతి. పాలకొండ దారిలో ఒక ఊళ్ళో సుభద్రగారనే డాక్టరమ్మ చిన్న పురిటి ఆస్పత్రి నడిపేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఓడరేవులో పెద్ద ఉద్యోగం చేసిన మేనమామ పోతూ పోతూ తన ఇంగ్లీషు కారు ఆవిడకిచ్చి పోయాడు. రెండే సీట్లు, మడత పడే గుడ్డ టాపు, నేలకి జానెడు ఎత్తు. పందేలకి పుట్టిన జాతి. ఆ బండిలో ఆవిడ పురుళ్ళకి వెళ్ళేవారు. వెళ్ళేటప్పుడు పక్క సీట్లో మందుల పెట్టె ఉండేది. వచ్చేటప్పుడు, కేసు కష్టమైతే, అదే సీట్లో నొప్పులు పడే మనిషి ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆ కారుని 'డాక్టరమ్మగారి కప్ప' అనేవారు.

ఆ వేసవిలో ఒక ఊరికి వెళ్తుంటే దారిలో రేడియేటర్ గొట్టం పగిలి నీళ్ళన్నీ పోయాయి. ఆవిడ ఆగలేదు. చేరాల్సిన ఊరు చేరారు, తల్లీ బిడ్డా బతికారు, ఇంజను బ్లాకు నిలువునా చీలింది. మరునాడు మా షెడ్డుకి బస్సులో వచ్చి బెంచీ మీద కూర్చుని, మేస్త్రి అడగకముందే చెప్పారు.

"నీళ్ళు పోయాయని నాకు తెలుసు మేస్త్రీ. తెలిసే నడిపాను. ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి."

"సీలిన బ్లాకు అతకదమ్మా. ఆ జాతి ఇంజను మన దేశంలో దొరకదు. లారీ గుద్దేసిన టాక్సీ ఒకటి నాకు తెలిసినోడి కాడ పడున్నాది, దాని ఇంజను బాగున్నాది. మీ బండిలో పడతాదో పడదో సూసుకోవాల. కానీ నెలల తరబడి నా షెడ్డులో ఎట్టుకోలేను."

"షెడ్డుకి తేను. మా ఇంటి వెనక కొట్టంలో నేనే మారుస్తాను. ఆదివారాలు మీ అప్పారావుని పంపండి, నాకు చూపించడానికి. చెయ్యడానికి కాదు."

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వే మారుత్తావా తల్లీ?"

"రేపు ఏ అడవి దారిలోనో ఆగిపోతే మీరు రాలేరు కదా. లోపల ఏముందో నా చేతులకి తెలియాలి."

కొత్త కారుకి పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుకునే రోజులవి. ఆవిడకి వేరే దారి లేదు. అంతకంటే పెద్ద చిక్కు మొదటి ఆదివారం నేను వెళ్ళినప్పుడే నా కళ్ళముందు బయటపడింది. విజయనగరంలో ప్లీడరీ చేసే ఆవిడ అన్నగారు జగన్నాథరావుగారు ఆ రోజు వచ్చి ఉన్నారు. ఆ ఇల్లూ, పురిటి గదులూ ఆయన కట్టించి ఇచ్చినవే. చెడ్డ మనిషి కాదు. చెల్లెలు ఒంటరిగా ఆ దారులు తిరగడం ఆయనకి నిద్రపట్టనివ్వలేదు.

"ఇంజనుతో పోయింది, మనిషి పోలేదు. అదే దేవుడి దయ. ఇంక చాలు సుభద్రా, ఇల్లు మూసేసి నాతో వచ్చెయ్. విజయనగరంలో పెద్దాస్పత్రి ఉంది, అందులో చేరు," అన్నారు.

"బండి నడిస్తే?"

"నడిస్తే ఉండు. నేను మాట్లాడను. ఆషాఢం మధ్యలో వస్తాను. అప్పటికి అది నడవకపోతే పెట్టె సర్దుకుని నాతో రైలెక్కాలి."

"సరే," అన్నారావిడ. అన్నగారు వెళ్ళాక నా వైపు తిరిగి, "విన్నావు కదా. ఎక్కడ మొదలుపెడదాం?" అని అడిగారు.

బూరుగు కర్ర ఇంజను

నేను 'ఇంజను దించుదాం' అన్నాను. ఆవిడ వద్దన్నారు. కత్తి పట్టుకోవడం ఆఖరి పని అన్నారు. ఆ ఆదివారమంతా కారు చుట్టూ తిరుగుతూ మూడే ప్రశ్నలు వేశారు. కొత్తది దేనికి తగులుతుంది? ఏది వేడెక్కుతుంది? దారిలో ఆగిపోతే నేను దేన్ని అందుకోగలను? మొదటి రెండు ఏ మెకానిక్కయినా అడుగుతాడు. మూడోది ఎవడూ అడగడు, నేనూ అంతకుముందు అడగలేదు. ఆ ఒక్క ప్రశ్నతో మా ఆలోచనంతా మారిపోయింది. పాలకొండ బజారులో దొరకని గొట్టం కానీ, బెల్టు కానీ ఈ బండిలో ఉండకూడదని నిర్ణయించాం. చేయి దూరని చోట ఏదీ బిగించకూడదనుకున్నాం.

పాత ఇంజను దించేటప్పుడు ఆవిడ పద్ధతి చూసి నేను సిగ్గుపడలేదు కానీ సంబరపడ్డాను. విప్పిన ప్రతి బోల్టూ ఆస్పత్రి ఎనామెల్ పళ్ళెంలో, విప్పిన వరసలోనే పడేది. ప్రతి తీగకీ బ్యాండేజీ గుడ్డ పేలిక కట్టి, ఎక్కడిదో దాని మీద రాసేవారు. అప్పటిదాకా నేను విప్పినవన్నీ ఒకే డబ్బాలో పోసేవాణ్ణి. ఈనాటికీ నా షెడ్డులో పళ్ళేలే వాడతాం.

మేస్త్రి సలహాలు రెండు. ఒకటి, టాక్సీ ఇంజనుని దాని గేరుబాక్సు నుంచి విడదీయొద్దు. "ఆ రెండూ మొగుడూ పెళ్ళాలురా. ఇడదీసి ఇంకోదానికి కట్టబెడితే రోజూ గోలే," అన్నాడు. రెండోది, ముందు కర్ర ఇంజను చేయించమన్నాడు.

నేను నవ్వాను. "నవ్వకు. రంగూన్లో దొరలు అలాగే సేసేవోరు. అసలుదానికి రింగులెయ్యాల, బోరు సూడాల, ఇప్పట్లో రాదు. వచ్చినా ఎన్నిమార్లు ఎత్తుతావు, ఎన్నిమార్లు దించుతావు? నడుం ఇరుగుతాది. కర్రదైతే సంకనెట్టుకుని సూసుకోవచ్చు," అన్నాడు.

డాక్టరమ్మగారి ఊళ్ళో ఆదినారాయణ అని మంచి వడ్రంగి. బళ్ళూ, ద్వారబంధాలూ, మంచాలూ చేసేవాడు. ఆయన్ని శ్రీకాకుళం తీసుకొచ్చి టాక్సీ ఇంజను చూపించాం. తన కొలకర్రతో తానే కొలుచుకున్నాడు. "ఇది ఏటికి బాబూ?" అని నన్నడిగాడు. "డాక్టరమ్మగారి బండికి. ఇలాంటిదే కర్రతో చెయ్యి," అన్నాను. అంతే చెప్పాను. దాని కొలత పట్టుకుని ఇనుము కోస్తామని ఎవరమూ చెప్పలేదు, చెప్పాలని తట్టలేదు.

తేలికగా ఉంటుందని బూరుగు కర్రతో చేశాడు. ఎంత ముచ్చటగా చేశాడంటే, ఫ్యానుకి రెక్కలు కూడా చెక్కాడు. దాన్ని బోనెట్ కింద పెట్టి చూస్తే అడుగున నూనె తొట్టి ముందు ఇరుసుకి తగులుతోందని తెలిసింది. ఉలితో అక్కడ చెక్కించి, అసలు తొట్టిని ఎంత కుదించాలో చూసుకున్నాం. బరువు ఎక్కువ కాబట్టి ముందు స్ప్రింగులకి ఒక ఆకు చేర్చాం, బ్రేకులు మార్చాం. ఇంజనుని పట్టి నిలబెట్టే బ్రాకెట్లు చేయించాం. వెనక చక్రాలకి శక్తి తీసుకెళ్ళే షాఫ్టుని, కర్ర గేరుబాక్సు తోక ఎక్కడికొచ్చిందో చూసి, ఆ కొలతకి విజయనగరంలో లేతు మీద కోయించి, అతికించి తెచ్చాం. ఇంత పద్ధతిగా చేసిన పని నేనెన్నడూ చూడలేదు. ఇంక బిగించడమే అనుకున్నాను.

వేలెడు తేడా

మూడు తాటి దూలాలు ముక్కాలి పీటలా నిలబెట్టి, చైను కప్పీ వేలాడదీసి టాక్సీ ఇంజనుని బండిలోకి దించాం. బ్రాకెట్ల మీద చక్కగా కూర్చుంది. డాక్టరమ్మగారు తనే బోల్టులు బిగించారు. తర్వాత నేను కిందకి దూరి షాఫ్టు ఎక్కించబోయాను. అందలేదు. వేలెడు, అంటే ఒక అంగుళం, తక్కువొచ్చింది.

లేతువాడే తప్పు కోశాడనుకుని పళ్ళు నూరాను. కొలిచి చూస్తే వాడిది సరిగ్గానే ఉంది. మేస్త్రికి కబురు పెట్టాం. ఆయన వచ్చి, మూల పడేసిన కర్ర ఇంజనుని బండి దగ్గరికి ఎత్తుకొచ్చి, దాన్నీ అసలుదాన్నీ కొలిచాడు. కర్రది వేలెడు పొడుగు.

ఆదినారాయణని పిలిపించారు. ఆయన ఏమాత్రం తొట్రుపడలేదు.

"అవునమ్మా, నేనే ఒక అంగుళం పెంచినాను. ఆ కొలతకి ఆయం కట్టి సూస్తే ధూమాయం వచ్చినాది. అంటే నిప్పూ పొగా, కీడు. ఒక్క అంగుళం పెంచితే సింహాయం పడినాది. పురుళ్ళకెల్లే బండి. అందులో నా సేత్తో కీడు ఎలాగ కడతానమ్మా?"

తలుపు కానీ మంచం కానీ చేసే ముందు ఆ కొలత మంచిదా చెడ్డదా అని లెక్కగట్టుకోవడం మా వైపు వడ్రంగుల ఆచారం. దాన్నే ఆయం అంటారు. అడిగితే ఎవరైనా చెబుతారు. ఇంజనుకి కూడా కడతాడని మాకు తట్టలేదు, కట్టొద్దని ఆయనకి తట్టలేదు.

నాకు ఒళ్ళు మండింది. ఆషాఢం వచ్చేసింది, జగన్నాథరావుగారు నేడో రేపో దిగుతారు. ఏదో అనబోయాను. డాక్టరమ్మగారు చేయి అడ్డం పెట్టారు.

"మాత్ర ఎందుకిస్తున్నానో చెప్పకపోతే మా రోగులు సగం మింగి సగం దేవుడి గూట్లో పెడతారు అప్పారావూ. వాళ్ళది తప్పా, నాది తప్పా? ఇతనికి మనం పని చెప్పాం, పని దేనికో చెప్పలేదు." తర్వాత ఆదినారాయణ వైపు తిరిగి, "నా మంచికే చేశావు బాబూ. నాకు తెలుసు. ఇప్పుడు దీన్నెలా సర్దాలో నువ్వు కూడా ఉండి చూడు," అన్నారు.

ఆ మాట నేను మరచిపోలేదు. తర్వాత నా కింద పనిచేసిన ఏ మనిషికీ, బోల్టు బిగించమని చెప్పి ఊరుకోలేదు. అది దేన్ని పట్టుకుని ఉంటుందో చూపించాకే బిగించమన్నాను. కాస్త ఆలస్యమవుతుంది. అయితే కానీండి.

అతుకా, ఓపికా

షాఫ్టుకి వేలెడు ముక్క అతికిద్దామన్నాను. ఒక్క పూటలో అయిపోతుంది. మేస్త్రి ఒప్పుకోలేదు.

"ఒకపాలి కోసి అతికినదానికి మళ్ళీ అతుకా? బ్రాకెట్టు తప్పైతే ఇంజను కదులుతాది. తిరిగే షాఫ్టు తప్పైతే మడిసి పోతాది. షాఫ్టు జోలికెల్లకు. ఇంజన్నే వేలెడు ఎనక్కి జరపండి."

జరపొచ్చు. కర్రది అక్కడిదాకా పట్టింది కాబట్టి వెనక రేకుకి తగలదు. కానీ ఇంజను మళ్ళీ ఎత్తాలి, బ్రాకెట్లన్నీ విప్పి కొత్తగా చేయించాలి. అన్నగారొచ్చేలోగా అయ్యే పని కాదది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. డాక్టరమ్మగారు కాసేపు కారు అంచు మీద కూర్చున్నారు. ఆవిడ ముఖం అంత అలసటగా నేనెప్పుడూ చూడలేదు.

"నాకు ఇక్కడే ఉండిపోవాలని ఉంది మేస్త్రీ. చాలా ఉంది," అన్నారు. లేచి గొలుసు అందుకుని, "అయినా ఆ బండిలో నేనొక్కదాన్నే కూర్చోను కదా. ఎత్తండి," అన్నారు.

జగన్నాథరావుగారు వచ్చేసరికి ఇంజను గొలుసుకి వేలాడుతోంది. ఆయన కొట్టం గుమ్మంలో నిలబడి చూశారు. చెల్లెలి చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"అయితే నడవలేదన్నమాట," అన్నారు.

"నడవలేదన్నయ్యా. పొరపాటొకటి జరిగింది, దిద్దుతున్నాం. నాలుగు రోజులుండు. అప్పటికీ కాకపోతే నీతో వస్తాను."

ఆయన ఉన్నారు. ఆ రోజుల్లో ఆయనకి వేరే పని లేక అరుగు మీద కూర్చునేవారు. ఆస్పత్రికొచ్చేవాళ్ళు ఆయన పక్కనే కూర్చుని కబుర్లు చెప్పేవారు. ఒక ముసలమ్మ, "ఏటి బాబూ, అమ్మని తీసుకుపోతన్నావంట? మరి మా కోడలికి ఎవలు పురుడు పోస్తారు?" అని మొహం మీదే అడిగేసింది. ఒక మధ్యాహ్నం ఎడ్లబండిలో డాక్టరమ్మగారు కేసుకి వెళ్ళి సాయంత్రానికి తడిసి ముద్దై తిరిగొస్తే, అన్నగారే లేచి తువ్వాలు అందించారు. ఆవిడ తల తుడుచుకుని నేరుగా కొట్టంలోకి వచ్చారు. ఆదినారాయణ కొత్త బ్రాకెట్లకి కర్ర అచ్చులు చెక్కుతున్నాడు. ఈసారి ఆయం కట్టలేదు. ఎందుకు కట్టకూడదో ఆయనే మాకు వివరించి చెప్పాడు.

ఇంజను స్టార్టయిన పొద్దున్న ఊళ్ళో సగం మంది కొట్టం ముందున్నారు. చప్పుడు మారిపోయింది. పందెపు గుర్రం సకిలింపు పోయి గిత్త గుర్రులా ఉంది. నాకు కొంచెం దిగులేసింది. బండి వేగం సగానికి సగం పోయింది, ఆ మాట ఒప్పుకోవాలి.

"స్టార్టయితే సరా? నడవాలి," అన్నారు జగన్నాథరావుగారు.

"పద, ఆమదాలవలసలో నిన్ను రైలెక్కిస్తాను," అన్నారు చెల్లెలు.

ఆమదాలవలస స్టేషన్

నేను మోటారు సైకిల్ తెచ్చుకుని వెనకే వస్తానన్నాను. ఆవిడ వద్దన్నారు. "నువ్వు వెనక వస్తే అన్నయ్య నీ ధైర్యంతో కూర్చుంటాడు. నా ధైర్యంతో కూర్చోవాలి," అన్నారు.

అయినా నా మనసు ఊరుకోలేదు. ముందు బస్సు పట్టుకుని, పనిముట్ల సంచీ, విడి గొట్టం, బెల్టూ వేసుకుని స్టేషన్ బయట నిలబడ్డాను. సన్నగా వాన. బియ్యం బస్తాల బళ్ళు ఒకటొకటే వస్తున్నాయి. రైలు వేళ దగ్గరపడుతోంది. కొత్త బ్రాకెట్లకి ఏ బోల్టు ఎంత బిగించారో మనసులో ఒక్కొక్కటే తడుముకున్నాను. నా చేత్తో బిగించినవి ఒక్కటీ లేవు. బస్సెక్కి ఎదురు వెళ్దామా అనుకుంటుండగా వంపు దగ్గర ఆ గుర్రుమనే చప్పుడు వినబడింది.

కారు వచ్చి మెల్లగా నా ముందే ఆగింది. జగన్నాథరావుగారు దిగారు. పంచె మోకాళ్ళ దాకా బురద. నన్ను చూసి, "నువ్వా? దారిలో ఒకసారి ఆగిందయ్యా," అన్నారు. నా చేయి పనిముట్ల సంచీ మీదకి పోయింది. "ఏదో తీగ ఊడిందట. నేను గొడుగు పట్టుకున్నాను, సుభద్ర దిగి పెట్టేసుకుంది. చుట్ట కాల్చినంత సేపు కూడా పట్టలేదు."

తర్వాత చేతిసంచీ తెరిచి అందులోంచి ఒక పెద్ద ఇత్తడి తాళంకప్ప తీశారు. కొత్తది, ఇంకా కాగితం కూడా విప్పలేదు. చెల్లెలి చేతిలో పెట్టారు.

"నీ ఇంటికి వేసి వెళ్దామని తెచ్చాను. కొట్టానికి వేసుకో. బండి జాగ్రత్త," అన్నారు.

ఆవిడ అన్నగారి చేయి రెండు చేతులతో పట్టుకున్నారు. ఆయన లోపలికెళ్ళి ఒక్క టిక్కెట్టే కొనుక్కున్నారు. రైలొచ్చింది, ఆయన ఎక్కారు.

రైలు కదిలాక నేను కారు దగ్గరికెళ్ళి, బోనెట్ ఎత్తి ఒకసారి చూడనా అని అడిగాను. "ఏం, ఏమైనా వినబడిందా?" అన్నారు. ఏమీ వినబడలేదన్నాను. "అయితే ఎందుకు? నాకు తొందరగా వెళ్ళాలి. నువ్వు శ్రీకాకుళం వెళ్ళిపో, మేస్త్రికి చెప్పు," అని ఇంజను స్టార్ట్ చేశారు. కారు వానలో పాలకొండ దారి పట్టింది. నేను కళ్ళు తుడుచుకుని, మూతి విప్పని పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బస్సు కోసం నడిచాను.